బొట్టు పెట్టిన సూది

నేను భయస్తురాలినని మా ఇంట్లో అందరూ ఎప్పుడో తీర్మానించేశారు. కాదనను. పాప పుట్టిన దగ్గర్నుంచి ఏ ఇంటికి వెళ్లినా నాకు ముందు కనపడేవి కరెంటు ప్లగ్గులు, మూత లేని నీళ్ల తొట్లు, పిట్టగోడ లేని మేడలు. ద్రాక్షపండు ఇచ్చే ముందు నిలువునా చీలుస్తాను. పాప నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాను. ఇప్పుడు కూడా చూసుకునే వచ్చి రాయడానికి కూర్చున్నాను. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ జెండా పండుగనాడు ఆళ్లగడ్డలో నేను ఇంజిన్ గురించి చెప్పిన మాట భయంతో చెప్పింది కాదు. ఆ రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా ఈ ఇంట్లో ఒక్కరికీ పట్టలేదు.

ఇంజిన్ అంటే పెద్దదేమీ కాదు. జామకాయంత ఉంటుంది. బొమ్మ విమానాలకు బిగించే టూ స్ట్రోక్ ఇంజిన్. నంద్యాలలో మెకానికల్ చదివేటప్పుడు మా తరగతిలో కొందరం కలిసి ఒక విమానం చేశాం. రెక్కలు కోయడానికి, రేడియో పట్టుకోవడానికి అందరూ పోటీపడ్డారు. ఇంజిన్ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. చేతులు జిడ్డు, బట్టలు జిడ్డు, జుట్టంతా కాలిన ఆముదం వాసన. అందుకని అది నాకు మిగిలింది. మిగిలిన దానితోనే నాకు ప్రేమ కుదిరింది.

దానికి పోసేది పెట్రోలు కాదు, మిథనాల్. అందులో ఆముదం కలుపుతారు. ఇంజిన్‌కు వేరే నూనె లేదు, ఆ కలిపిన ఆముదమే దాని రక్షణ. నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు కూడా ఉండదు. గ్లో ప్లగ్ అని ఒకటి ఉంటుంది, లోపల వెంట్రుక లాంటి తీగ చుట్ట. బ్యాటరీ తగిలిస్తే ఎర్రబడుతుంది. ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా లోపలి మంటకే ఎర్రగా ఉండిపోతుంది. ఇక మిగిలింది సూది. కార్బురేటర్ పక్కన చిన్న మర. లోపలికి తిప్పితే ఇంధనం తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. ఇంజిన్ బతుకంతా ఆ సూది మీదే ఉంటుంది.

ఇంధనం ఎక్కువైతే ఇంజిన్ గొంతులో నీళ్లు పోసుకున్నట్టు గురగురలాడుతుంది, తెల్లగా పొగ చిమ్ముతుంది, నూనె కక్కుతుంది. దాన్ని రిచ్ అంటారు. సూదిని లోపలికి తిప్పేకొద్దీ పొగ పలచబడి గొంతు సన్నబడుతుంది. ఇంకా తిప్పితే కీచుమని అరుస్తుంది. అది లీన్. ఆ అరుపు విన్నవాళ్లంతా అబ్బ, ఏం బలం అనుకుంటారు. అది బలం కాదు. ఇంధనం తగ్గిందంటే దాంతో వచ్చే ఆముదమూ తగ్గిందన్న మాట. గొంతెండిపోయిన మనిషి అరిచే అరుపు అది. తెలిసినవాళ్లు సూదిని ఆ అరుపు దాకా తీసుకెళ్లి, అక్కడినుంచి కొంచెం వెనక్కి తెచ్చి వదిలేస్తారు. గాల్లోకి లేచి ముక్కు పైకెత్తినప్పుడు, ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు ఎటూ అదే లీన్ అవుతుంది గనుక, నేల మీద కాస్త పొగ కనపడాలి. పొగ కనపడకపోతే పైన ఆగిపోతుంది.

చదువు అయిపోయాక అందరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఇంజిన్ ఎవరూ అడగలేదు. నేను దాన్ని కడిగి, నూనె వేసి, పాత పంచె ముక్కలో చుట్టి, టిఫిన్ గిన్నెలో పెట్టి మూత వేశాను. పెళ్లయినప్పుడు చీరలతో పాటు నంద్యాలకు ఆ గిన్నె కూడా వచ్చింది. మా ఆయన మొదట నవ్వాడు. తర్వాత ఆయనే ఒక చెక్కకు బిగించి ఇచ్చాడు. ఆదివారాలు మేడ మీద దాన్ని తిప్పేదాన్ని. పక్కింటివాళ్లు వచ్చి మా అత్తను అడిగేవాళ్లు, "ఏందమ్మా, మీ మేడ మీద కందిరీగల తుట్టె ఏమన్నా లేసిందా?" అని. మా అత్త "మా కోడలు సదువుకుంటాంది" అని చెప్పేది. ఆ మాటలో వెక్కిరింత ఎంతో, గొప్ప ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

పురిటికి మా పుట్టిల్లు ఆత్మకూరు వెళ్లాను. బిడ్డనెత్తుకుని తిరిగి వచ్చి బీరువా సర్దుకుంటుంటే గిన్నె తేలిగ్గా తగిలింది. మూత తీస్తే పంచె ముక్క ఒక్కటే ఉంది.

"బావ అడిగినాడు," అన్నాడు మా ఆయన. "ఇస్కూల్లో పిల్లోళ్లకు విమానం చూపిస్తాడంట. ఇంటి అల్లుడు నోరు తెరిచి అడిగితే ల్యా అని ఎట్లా చెప్పేది?"

"నన్నొక మాట అడగాల్సింది."

"నువ్వు పురిట్లో ఉంటివి. ఇంజన్ గురించి ఫోన్ చేస్తే నవ్వరా?"

బావ అంటే మా ఆయన అక్క భర్త. నేను అన్నా అని పిలుస్తాను. ఆళ్లగడ్డలో బోరు మోటార్ల అంగడి ఉంది, ఒక ప్రైవేటు బడిలో భాగం ఉంది. ఆయన చేతకానివాడని నేను అనను. మూలిగే మోటారును వీధిలోంచే విని బేరింగు పోయిందని చెప్పగలడు. విమానం నడపడం కూడా నాకంటే బాగా నేర్చుకున్నాడు. కానీ ఆయన చెవి మోటార్ల చెవి. ఎంత గట్టిగా తిరిగితే అంత నీళ్లు అనే లెక్క అది. ఆ లెక్కే నా ఇంజిన్‌కూ వేశాడు.

ప్లగ్గులు వరసగా కాలిపోవడం మొదలైంది. నాసిరకం పంపుతున్నారని అమ్మినవాళ్లను తిట్టేవాడు. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు కాలిన ప్లగ్గు ఒకటి జేబులోంచి తీసి చూపించాడు. లోపలి తీగ నలిగిపోయి, మసకబారి ఉంది. నేను పప్పు వడ్డిస్తూనే చెప్పాను.

"అన్నా, ప్లగ్గు తప్పు కాదు. సూది మరీ బిగిస్తాండావు. లీన్‌లో తిరిగితే ఇట్లానే కాలుతుంది. కొంచెం విప్పి పొగ రానియ్యి."

"పొగ వస్తే ఇంజన్ మంచిదంటావా?" అని నవ్వి, మా ఆయన వైపు తిరిగాడు. "మా పక్కూర్లల్లో మోటార్లన్నీ నా చేతి మీద తిరుగుతాండాయి. మీ ఇంటామె నాకు పాఠం చెప్తాంది సూడు."

పెళ్లయిన కొత్తలో ఇలాంటి మాట అంటే పొగరు అనేవాళ్లు. "ఇంజనీరమ్మ" అని అన్న భార్య, మా ఆడబిడ్డ, వెక్కిరించేది. పాప పుట్టాక అదే మాటకు పేరు మారింది. ఇప్పుడది భయం. "బిడ్డ తల్లి గదా, అన్నింటికీ బెదురు" అంటున్నారు. మాట మారలేదు, నేను మారలేదు, ఆఖరికి ఇంజిన్ కూడా మారలేదు. పొగరైనా భయమైనా, నా మాటను పక్కన పెట్టడానికి వాళ్లకు ఒక కారణం కావాలి, దొరికింది. దీనికి నా ఒళ్లు మండుతుంది.

మొన్న జనవరిలో జెండా పండుగకు బడిలో విమానం ఎగరేస్తాను, అందరూ రండి అని పిలిచాడు. ముందురోజు పొద్దునే బయల్దేరాం. శిరివెళ్ల దాటేదాకా పాప అడుగుతూనే ఉంది, "మామ విమానం నిజంగా ఎగురుతుందా?" అని. ఎగురుతుంది అని చెబుతూనే ఉన్నాను. నాకూ సంతోషంగానే ఉండింది. నా ఇంజిన్‌ను గాల్లో చూసి ఎంతకాలమైందో.

బడి వెనక గోడకు ఆనుకునే శిల్పాలు చెక్కే షెడ్లు. గ్రైండర్లు ఆడుతుంటే రాతి పొడి తెల్లగా లేచి మైదానం మీద పడుతూ ఉంటుంది. ఈ ఇంజిన్‌కు గాలి వడపోత ఉండదు, నోరు తెరుచుకుని పీలుస్తుంది. అక్కడే, ఆ గోడ పక్కనే, మధ్యాహ్నం ఎండలో అన్న దాన్ని సవరిస్తున్నాడు. విమానం పెద్దది, చక్కగా చేయించాడు. దాని కడుపు కింద అట్టపెట్టె ఒకటి బిగించాడు. అందులో బంతిపూల రేకులు నింపుతారు. జెండా ఎగిరిన వెంటనే గేటు వైపు నుంచి విమానం వచ్చి, వరసల్లో కూర్చున్న పిల్లల తలల మీదుగా పోతూ రేకులు చల్లుతుంది. అదీ ఆయన ఏర్పాటు.

సూదిని బిగిస్తూ బిగిస్తూ పోయాడు. పొగ పలచబడింది, తర్వాత అసలు కనపడలేదు. కీచుమని అరుపు లేచింది. గోడ అవతల గ్రైండర్లు ఆపి రాతిపనివాళ్లు తలలు పైకెత్తారు.

"అబ్బా, గొంతు సూడప్పా దానిది!" అన్నాడొకాయన.

"మా గ్రైండరు కంటే ఎక్కువ అరుస్తాందే. రాయి కోస్తాదా అన్నా అది?" అన్నాడు ఇంకొకాయన.

అన్న మొహం వెలిగిపోయింది. అక్కడితో సూదిని వదిలేశాడు. ఇంజిన్ ఆపి, పసుపు, కుంకుమ తెప్పించి, టెంకాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ప్రొపెల్లర్‌కు బొట్టు, ఇంజిన్ తలకు బొట్టు, చివరగా సూది మీద బొట్టు.

ఇది ఆయన అంగడి ఆచారం. బోరులోకి మోటారు దించే ముందు అన్నీ సరిచూసి పూజ చేస్తారు. పూజ అయ్యాక ఇక దానికి పానా తగలకూడదు, నీళ్లు పైకొచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మోటారు విషయంలో అది తెలివైన పద్ధతే. దించేటప్పుడు పదిమంది పది చోట్ల బిగించి చెడగొట్టకుండా ఎవరో పెద్దవాళ్లు పెట్టి ఉంటారు. పూజ అంటే నాకు చిన్నచూపు లేదు. ఇంజిన్ గిన్నెను నేను కూడా దసరాకు దేవుడి దగ్గర పెట్టేదాన్ని. కానీ బోరు అడుగున నీళ్లు ఏ పూటైనా ఒకటే. మైదానంలో గాలి అట్లా కాదు.

"అన్నా," అన్నాను. "ఇది ఇప్పటి ఎండకు పెట్టిన సూది. రేపు పొద్దున చలి ఉంటుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అదే సూదికి ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ పోతుంది, ఇంధనం చాలదు. ఇప్పుడే లీన్‌గా ఉంది, పొద్దునకు ఇంకా లీన్ అవుతుంది. రేపు లేపే ముందు కొంచెం విప్పాలి."

"సలికి దానికి దగ్గొస్తాదా ఏందమ్మా?" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. గోడ మీది తలలు నవ్వాయి. మా ఆడబిడ్డ నవ్వింది. మా ఆయన నవ్వలేదు గానీ నేలకేసి చూశాడు.

"మిరియాల కషాయం పోద్దాంలే," అన్నాడు అన్న, నవ్వులు అందుకుని. "బొట్టు పెట్టినాక సూది ముట్టుకునేది లేదు. నా అంగట్లో ఎవురికీ మార్చని రూలు నీ కోసరం మార్చల్లా?"

తెల్లవారింది. మైదానం మీద మంచు ఉంది. పిల్లలు యూనిఫారాల మీద స్వెట్టర్లు లేకుండా, జేబుకు గుచ్చిన చిన్న జెండా బాగా కనపడాలని, వరసగా నేల మీద కూర్చున్నారు. నోళ్లలోంచి ఆవిర్లు వస్తున్నాయి. ఆ ఆవిరే చెబుతోంది గాలి ఎంత చిక్కగా ఉందో. మా పాప బడి పిల్ల కాకపోయినా, మామ ముద్దు చేసి ముందు వరసలో కూర్చోబెట్టాడు. జుట్టుకు మూడు రంగుల రిబ్బను.

ముఖ్య అతిథి రావడంతో అన్న ఇంజిన్ లేపాడు. అసలే సన్నగా ఉన్న అరుపు నిన్నటి కంటే సన్నగా లేచింది. సైలెన్సర్ దగ్గర పొగ లేదు. ఆ చలిలో, పిల్లల నోటి నుంచి వచ్చే ఆవిరి కనపడుతోంది గానీ ఇంజిన్ పొగ కనపడటం లేదు.

ఇంజిన్ పరిస్థితి తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. సూదిని ముట్టుకోనక్కర్లేదు. ఇంధనం పోయే గొట్టాన్ని వేళ్లతో చటుక్కున ఒక్కసారి నొక్కి వదలాలి. సూది సరిగా ఉంటే ఇంజిన్ ఒక్క క్షణం వేగం పెంచుకుంటుంది, అంటే దాని దగ్గర ఇంకా తినడానికి మిగిలి ఉందన్న మాట. లీన్‌గా ఉంటే వెంటనే కుప్పకూలుతుంది.

"అన్నా, సూది ముట్టుకోను. గొట్టం ఒక్కసారి నొక్కి చూస్తాను, అంతే," అన్నాను.

"ఇప్పుడేంటికి? అతిథి వచ్చినాడు!"

నేను అప్పటికే వంగాను. వేళ్లతో నొక్కాను. ఇంజిన్ చచ్చిపోయింది. తడబడలేదు, దగ్గలేదు, ఒక్కసారిగా ఆగిపోయింది.

"సూసినావా అన్నా? పెరగలేదు, నేరుగా ఆగిపోయింది. చుక్క కూడా మిగులు లేదు. పూలపెట్టె బరువుతో ముక్కు పైకెత్తితే పిల్లల మీదికి వచ్చేటప్పటికి ఆగిపోతుంది."

"నువ్వు నొక్కినావు, అది ఆగింది! నీ గొంతు పిసికితే నువ్వు మాట్లాడుతావా?" ఆయన మొహం ఎర్రగా అయిపోయింది. "పూజ చేసిన దాన్ని ఆర్పేసినావు గదమ్మా!"

ఆ మాట విని చుట్టూ ఉన్నవాళ్లు నన్ను దీపం ఊదేసినదాన్ని చూసినట్టు చూశారు. ఆడబిడ్డ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "గమ్మునుండు. అందరూ మననే సూస్తాండారు. సుబ్బరంగా ఎగరేసుకోనీ, నీకేం పోయింది?"

"వదినా, అది కింద పడితే..."

"పడే మాటలు నోట్లోంచి రానీకు, పండగ పూట!"

అన్న మళ్లీ బ్యాటరీ తగిలిస్తున్నాడు. మా ఆయన నా పక్కకు వచ్చాడు. ఆయన నన్ను నమ్మినట్టే ఉన్నాడు, అదే నాకు ఎక్కువ కోపం. చెవిలో చెప్పాడు. "నువ్వు బాధపడొద్దులే. పాపను లేపుకొచ్చి మన దగ్గర కూర్చోబెట్టుకుందాం. సరిపోతాది."

సరిపోతుందట.

నేను వరసల వైపు చూశాను. పాప పక్కన బొద్దుగా ఉన్న పిల్ల ఒకతె చలికి చేతులు చంకల్లో దోపుకుని కూర్చుంది. పాపను తీసేస్తే ఆ పిల్ల కొంచెం జరిగి, ఖాళీ అయిన చోట కాళ్లు చాపుకుంటుంది. అంతే తేడా. నాది తల్లి భయమే అయితే పాపను లేపుకొచ్చి చంకనేసుకుంటే తీరిపోవాలి. మా ఆయన అట్లాగే అనుకున్నాడు. అది తీరలేదు. నేను భయపడినందువల్ల ఇంజిన్ లీన్ కాలేదు. ఇంజిన్ లీన్ అయింది గనుక నేను భయపడ్డాను. దానికి తల్లే కానక్కర్లేదు, చెవులుంటే చాలు.

పనిముట్ల పెట్టెలో ప్లగ్గు విప్పే పానా పైనే ఉంది. బొట్టు సూదికి పెట్టారు, ప్లగ్గుకు పెట్టలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టిందని గొప్పలు చెప్పను, తర్వాత తట్టింది. అన్న రేడియో అందుకోవడానికి అటు తిరిగినప్పుడు బ్యాటరీ తీసేసి, పానా వేసి ప్లగ్గు విప్పేశాను. కాసేపే తిరిగినా అది సలసలా కాలుతోంది. కొంగులో వేసి ముడేసుకుని, మైదానం దాటి వెళ్లి పిల్లల మధ్య పాప పక్కన కూర్చున్నాను. ఒళ్లో కొంగు కమిలిన వాసన వచ్చింది. ఆడబిడ్డ పెట్టిన పట్టుచీర.

అన్న దగ్గర వేరే ప్లగ్గు లేదు. ఉన్నవన్నీ లీన్‌లో తిప్పి ఆయనే కాల్చేసుకున్నాడు. అతిథి ముందు పిల్లల మధ్యకు వచ్చి నా కొంగు ముడి విప్పించనూ లేడు.

జెండా ఎగిరింది. విమానం ఎగరలేదు. పూలపెట్టె విప్పి, టీచరమ్మలు రేకులను చేటల్లో తీసుకుని వరసల మధ్య తిరుగుతూ పిల్లల మీద చల్లారు. పిల్లలు అరిచారు, ఎగబడి ఏరుకున్నారు. మా పాప మాత్రం ఏడ్చింది. "విమానం ఏది? నువ్వు ఎగురుతుందన్నావే!" అని నా చెయ్యి గిల్లింది. దాని ఏడుపు ఒక్కటే నాకు న్యాయంగా అనిపించింది.

మేం వచ్చేటప్పుడు అన్న విమానం నుంచి ఇంజిన్ ఊడదీసి, వార్తాపేపర్లో చుట్టి మా ఆయన చేతిలో పెట్టాడు. "తీసుకపోండి. మీ ఇంటి సొమ్ము మీకే." ఇంటికొచ్చాక మా అత్త ఒక్కటే అంది. "ఇంటల్లున్ని నలుగుర్లో అవమానం చేసినావు. ఈసారి వచ్చినప్పుడు తప్పయిందని చెప్పు."

తప్పయిందని చెప్పాలట. ఏ తప్పు? జరిగిపోయిన ప్రమాదానికి అందరూ సాక్షులే. జరగకుండా పోయినదానికి ఎవరూ ఉండరు. పిల్లలు నవ్వుతూ ఇంటికి పోయారు గనుక ప్రమాదం లేదని తేలిపోయింది, ప్రమాదం లేదు గనుక నేను పిచ్చిదాన్నని తేలిపోయింది. విమానం పడి, ఏ పిల్ల నుదురో చిట్లి ఉంటే, అప్పుడు నా మాటకు విలువ వచ్చేదా? అట్లాంటి విలువ నాకెందుకు?

మర్నాడు మేడ మీద ఇంజిన్ విప్పాను. బయటంతా ఆముదం కాలి గోధుమరంగు పెచ్చు కట్టింది. వెనక మూత తీస్తే వేలికి గరగరలాడింది, రాతి పొడి. పిస్టన్ పక్కన నిలువుగా గీతలు, గోరు పెడితే ఆగేంత లోతు. పిస్టన్‌ను తిప్పే కడ్డీ కింద భాగంలో వదులై అటూ ఇటూ కొట్టుకుంటోంది. కచ్చితంగా ఆ రోజే పడేదని నేను అనను. గేటు నుంచి జెండా దాకా ఈడ్చుకుంటూ వచ్చి, దాటి కూడా పోయి ఉండవచ్చు. కానీ పిల్లల తలల మీదుగా పోయే వస్తువు గురించి "పడకపోవచ్చు" అన్న మాటతో ఎవరైనా ఎట్లా నిలబడతారు? మా ఆయనకు పిస్టన్ చూపించాను. వెలుతురుకు ఎత్తి చూశాడు. "నిజమే," అన్నాడు. తర్వాత, "ఇప్పుడెందుకులే, సద్దుమణిగింది గదా," అన్నాడు.

కొన్నాళ్లకు అన్న మోటార్ల సామాను కోసం నంద్యాల వచ్చి, మా ఇంటికి వచ్చాడు. మా అత్త కాఫీ కలిపి గ్లాసు నా చేతికిచ్చి, కళ్లతోనే సైగ చేసింది. నేను పళ్లెంలో కాఫీ పెట్టాను. దాని పక్కనే పిస్టన్, కడ్డీ, వెనక మూత కూడా పెట్టి తీసుకెళ్లాను. బొట్టు పెట్టిన సూదిని కూడా పెట్టాను. కుంకుమ చెరిగిపోకుండా జాగ్రత్తగా విప్పాను దాన్ని.

ఆయన కాఫీ తీసుకున్నాడు. పిస్టన్‌ను కూడా తీసుకుని, బొటనవేలితో గీతలను తడిమాడు. ఆ చేతులకు ఇనుము మాట్లాడుతుంది, నాకు తెలుసు. ఒకసారి కాదు, రెండు వైపులా తిప్పి తడిమాడు.

"పాతదైపాయ," అన్నాడు. "ఇంజన్ అన్నాక అరగదా?"

మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి నా నోట్లోంచి రావాల్సిన మాట కోసం చూస్తోంది. నేను చెప్పలేదు.

"వచ్చే జెండా పండక్కు బ్యాటరీది తెప్పిస్తాండా," అన్నాడు అన్న. "దానికి సూదీ ల్యా, పొగా ల్యా. నీకు పని తగ్గె."

"బరువు ఉంటాది గదన్నా దానికి? పిల్లోళ్ల మీద కాకుండా పక్కన ఎగరెయ్యి."

"మల్లా మొదలుపెట్టె!" అని మా ఆయన వైపు చూసి నవ్వాడు. మా ఆయన ఈసారి నేలకేసి చూడలేదు. "ఆమె చెప్పింది నిజమే బావా, పక్కన ఎగరేస్తే పోయేదేముండాది?" అన్నాడు. చాలా ఆలస్యంగా వచ్చిన మాట. అయినా వచ్చింది. మా అత్త లోపలికి వెళ్లిపోయి గిన్నెలు ఎత్తి పెట్టడం మొదలుపెట్టింది, కావాలని కొంచెం గట్టిగా.

మా ఆయన బండి బయటికి తీయడానికి వెళ్లాడు. అన్న చెప్పులు వేసుకుంటూ వసారాలో ఆగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది... సలికి నిజంగానే మారుతాదామ్మా?"

నలుగురిలో నవ్వడానికి గొంతు ఉంది. అడగడానికి మాత్రం గుసగుస. నేను గొంతు తగ్గించలేదు.

"మారుతాదన్నా. సలికి మారుతాది. పొద్దున లేపే ముందు సూది కొంచెం విప్పల్ల. బొట్టు ఆ తర్వాత పెట్టుకోవల్ల."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏందమ్మే, ఏం మారేది?" అని మా అత్త కేకేసింది.

అన్న గబగబా మెట్లు దిగిపోయాడు. నేను పళ్లెం ఎత్తుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్లి, పిస్టన్‌ను ఆమె తడి చేతిలో పెట్టి, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.